ఒక దుంగ తక్కువైన గోడ

కూలంబా ఊరు కొండమీద లేదు, కొండకు వేలాడుతోంది. అది జారి నదిలో పడకుండా ఇన్నేళ్లూ కాపాడినవి దేవుడి దయ, గడ్డివేళ్లు, ఊనా ప్రౌస్ అని పెద్దవాళ్లు చెబుతారు. వీటిలో కబురు పెడితే వచ్చేది ఊనా ఒక్కతే కాబట్టి, ఊళ్లో ఆమె గౌరవమే ఒక పిసరు ఎక్కువ.

ఆమె గోడలు కడుతుంది. ఇటుక గోడలు కాదు, రాతి గోడలూ కాదు. వానాకాలంలో పై ఇంటివాళ్ల పెరడు కింది ఇంటివాళ్ల వంటింట్లోకి విచ్చేయకుండా, రైలుపట్టాల కింద వేసే స్లీపరు దుంగలతో కట్టే అడ్డుగోడలు. ఒక్కో దుంగ రెండు మీటర్ల పైచిలుకు పొడవు, అరవై కిలోల బరువు. ఐరన్‌బార్క్ కర్ర. మేకు దిగదు, చెద పట్టదు, నీళ్లలో వేస్తే తేలదు. అరవై తొమ్మిదేళ్ల ఊనాదీ ఇంచుమించు అదే స్వభావమని ఆమెతో వాదన పెట్టుకుని చూసినవాళ్లంటారు.

వాళ్ల నాన్న బెన్ ప్రౌస్ అడవిలో గొడ్డలితో స్లీపర్లు చెక్కేవాడు. నెలకోసారి రైల్వే ఇన్‌స్పెక్టరు దయచేసి, వరసగా పేర్చిన దుంగలను సుత్తితో ఠంగుఠంగున కొట్టి, నచ్చినదాని కొసన ముద్ర గుద్దేవాడు. ఏ మూలో చిటికెడు వంకర ఉన్నా, వేలెడు పగులు కనిపించినా పక్కకు తోయించేవాడు. పట్టాల కింద పడుకునే అర్హత కూడా లేదని ప్రభుత్వం తేల్చేసిన దుంగలను ఏం చేసుకోవాలి? బెన్ వాటిని ఇంటికి ఈడ్చుకొచ్చి పెరట్లో గోడ కట్టాడు. చూసి పక్కింటాయన కట్టించుకున్నాడు. ఆయన్ని చూసి పాస్టరు కట్టించుకున్నాడు. కొన్నాళ్లకు రైలు ఆగిపోయింది, పట్టాలు పీకేశారు. ముద్ర పడ్డ దుంగలు ఏమైపోయాయో ఆ రైల్వేకే తెలియాలి. ముద్రకు నోచుకోని దుంగలు మాత్రం ఈనాటికీ ఊరిని భుజాన మోస్తున్నాయి. ఈ సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు ఊనా ఒకసారి చెబుతుంది. పాతవాళ్లకు రెండుసార్లు చెబుతుంది.

కౌన్సిలువారికి ఒక నియమం ఉంది. మీటరుకు మించిన గోడకు ఇంజనీరు సంతకం ఉండాలి. ఆ నియమం పుట్టిన నాటినుంచి కూలంబాలో మీటరు ఎత్తు గోడ పుట్టలేదు. అన్నీ తొంభై తొమ్మిది సెంటీమీటర్లే. ఎత్తు చాలకపోతే రెండడుగులు వెనక్కి జరిగి ఇంకో తొంభై తొమ్మిది. దూరం నుంచి చూస్తే ఊరంతా మెట్లు కట్టినట్టు ఎంతో రమ్యంగా ఉంటుందని యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు. ఆ రమణీయతకు మూలకారణం సంతకాల మీద జనానికున్న అసహ్యం.

ఊనా కట్టిన గోడల్లో ఆమెకు మొదటి బిడ్డలాంటిది మహిళా మందిరం గోడ. మందిరం అంటే రేకుల కప్పు కింద ఒక హాలు, ఒక వంటగది, డెబ్బై కప్పులు, ఏడుగురు సభ్యుల కమిటీ. హాలు ముందు అరుగులాంటి పచ్చిక, దాని అంచున ముప్పై మీటర్ల స్లీపరు గోడ. 1991లో కట్టింది. అందరూ నాలుగు దుంగలు పేర్చి, పొడుగాటి బోల్టులు బిగించి గోడ అయిందనిపిస్తున్న కాలంలో, ఊనా ఒక్కో మూలా ఉలితో సగం సగం చెక్కి, ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చోబెట్టింది. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకుండా ఇటుకల్లా మార్చి పేర్చింది. ఒక్కో వరసనూ బొటనవేలంత వెనక్కి జరిపి గోడ మొత్తం కొండ మీదికి వాలేలా చేసింది. బర్మాతో తొలిచి ఇనప చువ్వలు దిగ్గొట్టింది. వెనక కంకర, కంకరలో చిల్లుల గొట్టం. వీటన్నిటినీ మించి, రెండు మీటర్లకొకటి చొప్పున, గోడ నుంచి కొండ కడుపులోకి అడ్డంగా ఒక దుంగను పంపి, దాని చివర ఇంకో పొట్టి దుంగను శిలువలా బిగించి మట్టిలో పూడ్చింది. పైన పడే మట్టి బరువే దాన్ని అదిమి పడుతుంది. అది గోడను పట్టుకుంటుంది. ఈ పూడ్చిన దుంగను ఆ పనివాళ్లు ‘చచ్చినోడు’ అంటారు. బతికున్న గోడకు దన్ను భూమిలో ఉన్న చచ్చినోళ్లే.

గోడకూ చచ్చినోడికీ మధ్య అతుకు ఊనా ప్రత్యేకత. దుంగ కొసను విసనకర్ర ఆకారంలో, చివరికొచ్చేకొద్దీ వెడల్పయ్యే తోకలా చెక్కుతుంది. గోడ దుంగలో సరిగ్గా అదే ఆకారంలో గాడి తీస్తుంది. పైనుంచి దించితే కూర్చుంటుంది. ముందుకు లాగితే రాదు. ఎంత లాగితే అంత బిగుస్తుంది. అతుకులో పోస్టుకార్డు దూరితే విప్పేసి మళ్లీ చెక్కేది. ఒక పోస్టుకార్డును ప్రత్యేకంగా ఇందుకోసమే జేబులో పెట్టుకుని తిరిగేది.

ముప్పైమూడేళ్లు గోడ కదల్లేదు. ముప్పైనాలుగో ఏట మార్చి వానలకు దాని పొట్ట ముందుకొచ్చింది.

ఎక్కువేం కాదు, నాలుగు వేళ్లు. ఊనా ఈ చివర నుంచి ఆ చివరికి దారం లాగి చూసి, దారాన్ని చుట్టి జేబులో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్లిపోయింది. మర్నాటికి ఊరంతా తెలిసింది. ఆ శనివారం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఊనాను పిలిచారు. కింది ఊళ్లో కాంక్రీటు దిమ్మెల గోడలు కట్టే డారిల్ ట్రిగ్‌నూ పిలిచారు.

కమిటీ అధ్యక్షురాలు ఈనిడ్ గాస్కిన్. మూడో తరగతి నుంచి ఊనాతో కలిసి చదివింది, మూడో తరగతి నుంచి ఊనాతో పోట్లాడుతోంది. సుత్తి లేదు కాబట్టి చెంచాతో కప్పు మీద కొట్టి సభ ప్రారంభించింది.

“అజెండాలో ఒకటే అంశం. గోడ పొట్ట.”

“పొట్ట అనకే ఈనిడ్. నీ నోటినుంచి వింటే నా గురించి చెబుతున్నట్టుంటుంది,” అంది ఊనా.

“నీ పొట్ట మందిరం ఆస్తి కాదు, గోడ మందిరం ఆస్తి. వచ్చే నెల ఊరి ప్రదర్శన. ఆ పచ్చిక మీద అరవై మంది టీ తాగుతారు. వాళ్లంతా చేతిలోని స్కోన్ రొట్టెలతో సహా మెయిన్ రోడ్డు మీద పడితే కమిటీ ఏం సమాధానం చెబుతుంది? డారిల్, నువ్వు చెప్పు.”

డారిల్ నలభై అయిదేళ్ల మంచి మనిషి. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “కర్ర కర్రే కదా ఈనిడ్. ముప్పై ఏళ్లయింది. లోపల పుచ్చిపోయుంటుంది. పీకేసి దిమ్మెలు పెట్టుకుంటే మళ్లీ చూడక్కర్లేదు.”

“పుచ్చిందా! ఒరే డారిల్, ఆ దుంగలు కొట్టింది మా నాన్న. నువ్వూ నేనూ పుచ్చి మట్టయిపోయాక కూడా అవి అక్కడే ఉంటాయి.”

“మరెందుకొచ్చిందే పొట్ట?” అంది ఈనిడ్.

ఊనా లేచి నిలబడింది. ఆ క్షణంలో ఆమె పలికినది మినిట్స్ పుస్తకంలో యథాతథంగా ఉంది. “వచ్చే శనివారం లోపు గోడ విప్పి చూపిస్తా. తప్పు నా పనిలో ఉంటే నేనే దగ్గరుండి గోడను డారిల్‌కు అప్పజెబుతా. ఆ తర్వాత ఈ ఊళ్లో ఒక్క దుంగ ముట్టను.”

వంటగదిలో కెటిల్ ఒక్కటే వ్యాఖ్యానించింది.

శుక్రవారం పొద్దున ఊనా, స్టాన్ పెట్రీ కలిసి పని మొదలుపెట్టారు. స్టాన్ డెబ్బై నాలుగేళ్ల రిటైరైన రైల్వే గ్యాంగు కూలీ. 1991లో ఈ గోడకు రెండో చెయ్యి అతనిదే. చూడ్డానికి డారిల్ వచ్చాడు. చూస్తూ ఊరుకోలేక గునపం పట్టుకున్నాడు. పొట్ట ఉన్నచోట రెండు వరసలు తీసేశాక, తొమ్మిదో చచ్చినోడి అతుకు బయటపడింది. డారిల్ గునపం మొన దూర్చడానికి అతుకు ఈ పక్క నుంచి చూశాడు, ఆ పక్క నుంచి చూశాడు.

“ఎక్కడుంది సందు?”

“లేదు,” అంది ఊనా.

“మరి ఎలా తీస్తారు?”

“తీయడానికి చేయలేదయ్యా దాన్ని.”

డారిల్ రోషపడి గునపం మీద ఒళ్లంతా వేసి ఊగాడు. గునపం వంగింది. అతుకు వంగలేదు. డారిల్ ఆ గునపాన్ని ఎండలోకి పట్టి, సొంత మనిషి మోసం చేసినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత ఊనా బాడిసతో ఆ దుంగ మీద ఒక చెక్కు తీసింది. ముప్పైమూడేళ్లు మట్టిలో ఉన్న కర్ర లోపల తాజా మాంసంలా ఎర్రగా నిగనిగలాడింది.

“పుచ్చిందన్నావే?” అంది ఊనా.

“నేనేమీ అనలేదు,” అన్నాడు డారిల్.

పదకొండో చచ్చినోడినీ తవ్వి చూశారు. వాడూ అలాగే ఉన్నాడు. ఊనా నడుం నిటారయింది. మధ్యలో పదోవాడికోసం తవ్వారు. గడ్డపార మెత్తగా దిగబడింది. నల్లటి పెంట, పుట్టగొడుగుల వాసన, అడుగున బురద నీళ్లు. మనిషి తొడంత లావు మామిడి వేరు ఒకటి లోపలే కుళ్లి గుల్లై, కొండ నీళ్లను తిన్నగా గోడ వెనక్కి తెచ్చి పోస్తోంది. పదోవాడు మాత్రం కనపడలేదు.

డారిల్ తల ఎగరేశాడు. “ఇదన్నమాట సంగతి! ఇక్కడో పెద్ద మామిడి చెట్టుండేది కదా. గబ్బిలాలు టీ బల్లల మీద రెట్టలేస్తున్నాయని కమిటీ మూడుకు నాలుగు ఓట్లతో కొట్టించేసింది. వేరు కుళ్లింది, గోడ జారింది. తప్పు కమిటీది. నీ పనికి వంక లేదు ఊనా. నేనే రేపు చెబుతా.”

ఊనా గుంత అంచున ఉన్న దుంగ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకుంది. తాగలేదు.

ఆమెకు గుర్తొచ్చింది. 1991లో గోడ కడుతున్నప్పటి ఒక గురువారం సాయంత్రం. పడమట మబ్బు కమ్ముతోంది. కంకర లారీవాడు హారను మోగిస్తున్నాడు. పదోవాడి చోట సరిగ్గా ఆ వేరు అడ్డొచ్చింది. దాన్ని నరికి, దుంగను పంపి, మళ్లీ తోక చెక్కి కూర్చోబెట్టాలంటే ఇంకో పూట పడుతుంది. స్టాన్ అడిగాడు కూడా, “పదోదెట్టా?” అని. “ఈ వేరు అంతకంటే గట్టిగా పట్టుకుంటుందిలే, కంకర పొయ్యమను,” అంది తను. ఆ మర్నాటికే మర్చిపోయింది. నిజానికి మర్చిపోవడానికి నాలుగు రోజులు పట్టింది.

స్టాన్‌వైపు చూసింది. స్టాన్ ఆకాశంలోకి చూస్తున్నాడు. అంత పెద్ద గుంత ముందు నిలబడి వాన సంగతి కూడా ఎత్తకుండా ఉన్నాడంటే అతనికీ గుర్తుందన్నమాటే.

“ఏమంటావు స్టాన్?”

“నేనేమంటాను? నాకు వయసైపోయింది. ఏమీ గుర్తుండదు.”

“నిరుడు నేను నీ దగ్గర తీసుకున్న సుత్తి గురించి గుర్తుంది కదా?”

“అది వేరే సంగతి. అది నీ దగ్గరుంది.”

డారిల్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఊనా చీజ్ శాండ్‌విచ్ విప్పింది. మామూలుగా ఒక శాండ్‌విచ్ అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అది అరగంట పట్టింది. మొదటి సగం తింటున్నంతసేపూ కమిటీయే చెట్టు కొట్టించింది కదా అనుకుంది. అది నిజమే. రెండో సగం తింటున్నప్పుడు మాత్రం ఇందాక తవ్వి చూసిన తొమ్మిదో వాడూ పదకొండో వాడూ కళ్లముందే కూర్చున్నారు. తను మంచి పని చేసిందని సాక్ష్యం చెప్పేది వాళ్లే. వాళ్ల మధ్య ఆ ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాచిపెడితే ఆ ఇద్దరి సాక్ష్యమూ చెల్లదు.

శనివారం చెంచా కప్పు మీద మోగింది. డారిల్ ముందే లేచి వేరు సంగతి, గబ్బిలాల సంగతి వర్ణించాడు. వంగిన గునపాన్ని బల్ల మీద పెట్టాడు. కమిటీలో నలుగురు తలలు దించుకున్నారు. చెట్టు కొట్టొద్దన్న ముగ్గురు తలలెత్తారు. ఈనిడ్ ఆ నలుగురిలో ఒకతె.

“సరే. తప్పు కమిటీది. రాసుకోండి,” అంది ఈనిడ్, పెదాలు బిగించి.

“రాయొద్దు,” అంది ఊనా.

“ఏమే, ఒప్పుకుంటున్నాగా! అరవై ఏళ్లకు మొదటిసారి నీదే రైటంటున్నా, అది కూడా వద్దంటావా?”

“గోడకు పద్నాలుగు చచ్చినోళ్లు ఉండాలి. పదమూడే ఉన్నారు. పదోవాణ్ని నేను పెట్టలేదు. వేరు అడ్డమొచ్చింది. వాన వస్తోంది. చెట్టు పట్టుకుంటుందిలే అని వదిలేశా. చెట్టును నమ్ముకుని గోడ కట్టకూడదు. చెట్టు గోడ సొత్తు కాదు. తప్పు నాది.”

కార్యదర్శి పెన్ను గాల్లో ఆగింది.

“ఇప్పుడెందుకు చెప్పావే? ఎవరికి తెలుస్తుంది?” అని చిన్నగా అడిగింది ఈనిడ్.

“నాకు తెలుసు. గోడకు తెలుసు. స్టాన్‌కు తెలుసు గానీ వాడికి వయసైపోయింది.”

తలుపు దగ్గర నిలబడ్డ స్టాన్ గొంతు సవరించుకున్నాడు.

ఊనా జేబులోంచి దారపు ఉండ తీసి డారిల్ ముందు పెట్టింది. “కొలత ఇక్కణ్నుంచి తీసుకో. దుంగలు పీకేటప్పుడు నన్ను పిలువు. లేకపోతే ఇంకో మూడు గునపాలు కొనుక్కోవాలి.” గొంతు మామూలుగానే ఉంది. చేయి మాత్రం దారాన్ని వదలడానికి కాస్త ఆలస్యం చేసింది.

డారిల్ ఆ దారాన్ని ముట్టలేదు. “ఒక్క మాట అడుగుతా. పద్నాలుగింట్లో ఒకటి లేదు. చెట్టూ పోయి మూడేళ్లయింది. వెనకంతా గుల్ల. అయినా నాలుగు వేళ్లే వచ్చిందా?”

“మూడున్నర. నాలుగని కొలిచింది ఈనిడ్, దాని వేళ్లు సన్నం.”

“నా గోడకు ఇలా జరిగితే ఏమయ్యేదంటావా?” ఈనిడ్ అడక్కముందే తనే అన్నాడు డారిల్. “దిమ్మెల గోడ పొట్ట పెట్టదు ఈనిడ్. అది చెప్పకుండా పడిపోతుంది. ఇదైతే మూడేళ్లు ఆగి, నాలుగు వేళ్లు ముందుకొచ్చి, చూడండమ్మా అని చెప్పింది. ఈ పని నేను తీసుకోను. ఆ అతుకు పీకిన పాపం నాకొద్దు.”

“పని తీసుకోవడం తీసుకోకపోవడం నీ ఇష్టం. కానీ నేను మాటన్నాను. దుంగ ముట్టనన్నాను. అది పుస్తకంలో ఉంది,” అంది ఊనా మొండిగా.

ఈనిడ్ మినిట్స్ పుస్తకం తన వైపు లాక్కుంది. కళ్లద్దాలు సవరించుకుంది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి కిందటి శనివారం పేజీ మొత్తం చదివింది. ఇరవై ఏళ్లుగా అధ్యక్షురాలిగా ఉన్న మనిషి ముఖంలో నిబంధన దొరికినప్పుడు కలిగే పరమ శాంతి ఒకటుంటుంది. అది కనిపించింది.

“ఊనా ప్రౌస్ ఇకమీద దుంగ ముట్టకూడదని ఊనా ప్రౌస్ ప్రతిపాదించారు. నిజమే, ఉంది. బలపరిచినవారు అన్నచోట ఖాళీ. బలపరచని ప్రతిపాదన ఈ మందిరంలో ఏనాడూ చెల్లలేదు. కానీ నియమం నియమమే, ఇప్పుడైనా అడగాలి.” కప్పు మీద చెంచాతో కొట్టింది. “ఈ ప్రతిపాదనను బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?”

మిగతా ఆరుగురూ బల్లవైపు చూశారు. గోడ గడియారం టకటకలాడింది. ఈనిడ్ పెదాలు కదలకుండా పది లెక్కపెట్టింది. అదే సమయంలో స్టాన్‌కు దగ్గొచ్చింది.

“స్టాన్, నువ్వు సభ్యుడివి కావు. దగ్గకు.”

స్టాన్ దగ్గు మింగాడు.

“ఎవరూ లేరు. ప్రతిపాదన వీగిపోయింది. రెండోది. పదో చచ్చినోణ్ని పెట్టి, గోడ బాగుచేసే పనిని ఊనా ప్రౌస్‌కు ఇవ్వాలని అధ్యక్షురాలు ప్రతిపాదిస్తున్నారు.”

“బలపరుస్తున్నా,” అన్నారు ఒకేసారి ఆరుగురు. ఎవరి పేరు రాయాలన్న దానిమీద పావుగంట వాదన జరిగింది.

ఆ వాదన జరుగుతుండగా ఊనా బయటికొచ్చి పచ్చిక అంచున నిలబడింది. స్టాన్ వెనకే వచ్చాడు. “కళ్లలో ఏమన్నా పడిందా?” అన్నాడు. “రంపపు పొట్టు,” అంది ఊనా. ఆ రోజు రంపం ఎవరూ ముట్టలేదు.

సోమవారం నుంచి మూడు రోజులు పని. కుళ్లిన వేరును పిసరు లేకుండా ఏరేశారు. గుల్లను కంకరతో కూరారు. గొట్టం మార్చారు. మట్టి తన యంత్రంతో తవ్విపెడతానని డారిల్ వచ్చాడు. గునపం బదులుగా అనుకోమన్నాడు. పొట్ట పెట్టిన దుంగలను ఊనా ఒక్కొక్కటే వెనక్కి తట్టి దారానికి తెచ్చింది. బుధవారం మధ్యాహ్నం పదోవాడికి తోక చెక్కడానికి కూర్చుంది. బెన్ కొట్టిన దుంగల్లో ఆఖరిది, ఇంటి వెనక రేకు కింద ఉన్నది, అదే తెచ్చింది. కమిటీ ఏడుగురూ స్కోన్లు పట్టుకుని పచ్చిక మీద కుర్చీలేసుకుని చూశారు. అంతమంది పర్యవేక్షణలో ఆ జిల్లాలో ఏ ఆనకట్ట కూడా కట్టి ఉండరు.

“ఇంకెంతసేపే?” అని ఈనిడ్ మూడుసార్లు అడిగింది.

“ముప్పైమూడేళ్లు ఆలస్యమైంది. ఇంకో గంటకు కొంపేం మునగదు.”

నలుగురు తాళ్లతో ఎత్తి దించారు. తోక గాడి అంచున ఆగింది. ఊనా చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. దుంగ గుటక దిగిన శబ్దంతో అడుగుకంటా కూర్చుంది. డారిల్ వంగి, అతుకును బొటనవేలితో తడిమి చూశాడు. టోపీ తీసి, తన గోడలు చూపించడానికి తెచ్చిన రంగుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ప్రదర్శన రోజున పచ్చిక మీద అరవై మంది కాదు, ఎనభై ఆరుగురు టీ తాగారు. అందరికంటే బరువైన సామాను, అంటే వేడినీళ్ల రాగి డ్రమ్మూ దాని ఇనప బల్లా, ఎక్కడ పెట్టాలన్నది ఈనిడ్ ముందే నిర్ణయించింది. సరిగ్గా పదోవాడి నెత్తిన పెట్టించింది. తనూ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. కిందికి తొంగిచూస్తే, గోడ మొదట్లో గడ్డిమీద కాళ్లు బారచాపి, వీపు గోడకానించి, ఊనా ప్రౌస్ టీ తాగుతోంది.

“ఏమే, అక్కడే కూర్చున్నావేం? గోడ నీ మీద పడితే?” అని అరిచింది ఈనిడ్.

“పడితే నువ్వు నా ఒళ్లో పడతావు. అంతకంటే అవమానం ఇంకేముంది నాకు?” అంది ఊనా. కప్పు పైకి చాచింది. “చల్లారింది. ఇంకాస్త వేడిది పొయ్యి.”

ఈనిడ్ టీ కెటిల్ అందుకుని, బల్ల మీంచి వంగి, అంచు మీద పూర్తి బరువు వేసి, గోడ మీదుగా చేయి చాచి పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.